కట్టేస్తే మోగదు!

సినిమాల్లో తుపాకీ పేలడం మనం లెక్కలేనన్నిసార్లు చూసుంటాం. హీరో గురిపెడతాడు. ధన్‌మంటుంది. విలన్ కూలిపోతాడు. గురి తప్పితే గోడ పెచ్చు ఊడుతుంది, లేదంటే పూలకుండీ పగులుతుంది. అంతటితో కెమెరా ఇంకోవైపు తిరిగిపోతుంది. తగిలిందా లేదా అన్నదే మన బెంగ. తగిలాక ఆ గుండు ఏమైందని ఎప్పుడైనా అడిగామా?

నిజంగా తుపాకులు కాల్చేచోట మాత్రం మొట్టమొదట అడగాల్సింది ఆ ప్రశ్నే!

కాగితం మీద కాలిస్తే జవాబు సులువు. గుండు కాగితానికి చిల్లు పెట్టి వెనకున్న మట్టికట్టలో దిగబడిపోతుంది. మన దేశంలో రైఫిల్ షూటింగ్ అనగానే గుర్తొచ్చేవి ఇలాంటి కాగితపు టార్గెట్లూ, గుండు తగిలినచోటును తెరమీద చూపించే ఎలక్ట్రానిక్ టార్గెట్లే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదీ గగన్ నారంగ్‌కి కాంస్యం తెచ్చిపెట్టిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో, నడిమధ్యన ఉండే చుక్క వ్యాసం అర మిల్లీమీటరే! ఇక మామూలు జనానికి తెలిసిన షూటింగ్ అంటారా... జాతరలో అట్టకు గుచ్చిన రంగుల బెలూన్లు. ఉక్కుపలకను వేలాడదీసి దాన్ని రైఫిల్‌తో కొట్టడం మనకు అలవాటు లేని సంగతి. అమెరికాలో చాలామందికి అది సెలవురోజు కాలక్షేపం.

కాగితం ఉండగా ఉక్కెందుకు? 300 గజాల అవతల కాగితానికి పడ్డ చిల్లు కంటికి ఆనదు. చూడాలంటే అంతదూరం నడిచి వెళ్ళి రావాలి. ఉక్కుపలక అయితే తగలగానే 'ఠంగ్'మని తనే చెప్పేస్తుంది. మెక్సికోలో ఒకప్పుడు పండుగలప్పుడు బతికున్న జంతువులను కట్టేసి గురి చూసి కాల్చేవారు. వాటి స్థానంలో ఉక్కు బొమ్మలు వచ్చాయి. అలా పుట్టిన సిలువెట్ పోటీల్లో ఇప్పటికీ 200 మీటర్ల దగ్గర కోడి, 300 దగ్గర అడవిపంది, 385 దగ్గర టర్కీ కోడి, 500 దగ్గర పొట్టేలు నిలబడి ఉంటాయి. తగిలితే పడిపోతాయి. మళ్ళీ లేపి నిలబెడతారు. ఎవరి ప్రాణమూ పోదు.

పోదు... పలకను సరిగ్గా ఎంచుకుంటే, సరిగ్గా వేలాడదీస్తే!

వద్దన్నది అక్క

2024 నవంబరులో టెక్సస్‌లో ఉన్న అక్కావాళ్ళింటికి వెళ్ళాను. డాలస్‌కి ఉత్తరాన ఒక శివారు ఊరు. కొట్లో గోంగూర దొరుకుతుంది, పక్కింట్లోంచి తాలింపు వాసన వస్తుంది. వాళ్ళు అక్కడ స్థిరపడి పద్దెనిమిదేళ్ళు. అన్నీ బాగానే ఉన్నాయిగానీ, ఇంట్లో గాలి మాత్రం బిగుసుకుపోయి ఉందని వెళ్ళిన రెండోరోజే అర్థమైంది. కారణం ఒక రైఫిలు.

బావగారు రెండేళ్ళుగా ఆఫీసు స్నేహితులతో కలిసి షూటింగ్‌కి వెళుతున్నారు. ఇంట్లో గోడకు బిగించిన ఇనప్పెట్టెలో రైఫిల్ ఉంటుంది. తాళం ఆయన దగ్గర, గుళ్ళు వేరే పెట్టెలో, ఆ తాళం అక్క దగ్గర. అంతవరకు ఎలాగో సర్దుకుపోయారు. ఇప్పుడు పద్నాలుగేళ్ళ మేనల్లుడు తనూ వస్తానంటున్నాడు. అక్క ససేమిరా అంటోంది.

అక్క భయం ఊరికే పుట్టింది కాదు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతాలో మన తెలుగు ఇంజినీరును కాల్చి చంపినప్పుడు అందరిలాగే తనూ వారంపాటు నిద్రపోలేదు. 2023 మే 6న అలెన్ ఊళ్ళోని మాల్‌లో ఒకడు తుపాకీతో విరుచుకుపడి ఎనిమిదిమందిని పొట్టనబెట్టుకున్నాడు. వాళ్ళలో ఒకరు హైదరాబాద్ నుంచి వెళ్ళిన ఇంజినీరు అమ్మాయి. ఆ మాల్ అక్కావాళ్ళింటికి కారులో పావుగంట దూరం. పిల్లాడికి బూట్లు కొనేది అక్కడే.

"ఆవేళ నేనూ వెళ్దామనుకున్నానురా. ఇంటికి చుట్టాలొచ్చారని ఆగిపోయాను. అంతే తేడా" అంది అక్క. ఆ మాట చెప్పేటప్పుడు చేతిలో చిక్కుడుకాయ తుంచడం ఆపలేదు. ఆపితే ఏడుపొస్తుందని నాకు తెలుసు.

బావగారి వాదన ఆయనది. "ఈ దేశంలో ఎన్ని ఇళ్ళలో తుపాకీ ఉందో మనకు తెలీదు. వాడు ఎవరింట్లోనో సరదాకి ముట్టుకునే బదులు, నా కళ్ళముందు పద్ధతిగా నేర్చుకుంటే నయం కదా బామ్మర్దీ!" అన్నారు. ఇద్దరూ చెప్పేది పిల్లాడి క్షేమం గురించే. ఇద్దరి మాటా తీసేయలేం. మధ్యలో నేను!

నాలుగురోజుల తర్వాత అక్కే ఒక దారి చెప్పింది. "నేనూ వస్తాను. అక్కడ ఏం చేస్తారో మొదట్నుంచి చివరిదాకా చూస్తాను. నాకు నచ్చకపోతే ఉన్నపళంగా వెనక్కి తిరగాలి. మారుమాట ఉండకూడదు" అంది. బావగారు సరేనన్నారు.

నేనూ బయలుదేరాను. అయితే కాల్చడానికి కాదు. విజిటర్ వీసా మీద వెళ్ళినవాళ్ళు వేట లైసెన్సు లాంటి మినహాయింపేదీ లేకుండా తుపాకీ పట్టుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. "నువ్వు పలకలు మొయ్యి" అన్నారు బావగారు నవ్వుతూ. అలా నాకు దక్కింది మోతపని. ఈ వ్యాసమంతా ఆ మోతపని పుణ్యమే!

గరిటె చెప్పిన పాఠం

వెళ్ళింది డాలస్‌కి రెండు గంటల దూరంలో ఉన్న ఒక పశువుల క్షేత్రానికి. బావగారి సహోద్యోగి తండ్రిదది. డెబ్బై దాటిన మనిషి. పెద్దాయన అనుకుందాం. ఉద్యోగమంతా రాళ్ళ క్వారీలో యంత్రాల మరమ్మతు చేశారట. చేతులు చూస్తేనే తెలుస్తుంది.

షెడ్డులో పలకలు గోడకు చేరవేసి ఉన్నాయి. గుండ్రటివి, చదరపువి, మనిషి ఆకారంలో ఉన్నవీ ఉన్నాయి. మేనల్లుడు వెతికి వెతికి ఒకదాన్ని పట్టుకొచ్చాడు. ఒళ్ళంతా స్ఫోటకం మచ్చల్లా గుంటలు. "ఇది బాగుంది మామయ్యా, ఎన్ని దెబ్బలు తిందో చూడు!" అన్నాడు సంబరంగా.

అక్క వాడి చేతిలోంచి దాన్ని తీసుకుంది. ఒక గుంటలో వేలు పెట్టి చూసింది. తర్వాత పెద్దాయన వైపు తిరిగి, "ఇంత గుంట పెట్టిన బుల్లెట్ చివరికి ఎటు పోయింది?" అని అడిగింది.

ఆయన చేతిలో పని పక్కనపెట్టారు. "వెనక్కి" అన్నారు. "కాల్చినవాడి వైపు. ఆ పలక పారేయాల్సింది, బద్ధకించి ఉంచాను."

కాసేపు ఎవరం మాట్లాడలేదు. ఆయనే విడమరచి చెప్పారు. రైఫిల్ గుండు లోపల సీసం, పైన రాగి తొడుగు. అది నున్నగా, గట్టిగా ఉన్న పలకకు తగిలితే అక్కడికక్కడే నుజ్జయిపోతుంది. ఆ ముక్కలు పలక ముఖం వెంబడే చుట్టూ పళ్ళెంలా చిమ్ముతాయి. పలకకు ఎదురుగా దూరంగా ఉన్నవాళ్ళకంటే, పక్కన దగ్గరగా నిలబడినవాళ్ళకే ప్రమాదం. పలక మెత్తనిదై గుంట పడిందనుకోండి, తర్వాత వచ్చే గుండు ఆ గుంటలో పడి దాని అంచుల వెంబడి మళ్ళి, వచ్చిన దారినే తిరిగొస్తుంది.

ఈ మాట బావగారికి అర్థంకావడానికి కొంచెం సమయం పట్టింది. అక్కకి క్షణం పట్టలేదు. "గరిటె కడిగేటప్పుడు చూడండి. పంపు కింద బోర్లా పెడితే నీళ్ళు పక్కలకి జారిపోతాయి. వెల్లకిలా పెడితే మొహాన కొడతాయి. ఈ గుంటలన్నీ వెల్లకిలా పెట్టిన గరిటెలే!" అంది.

బావగారు ఇంగ్లీషులో తర్జుమా చేసి చెబితే పెద్దాయన పెద్దగా నవ్వేశారు. క్వారీలో కొత్తగా చేరినవాళ్ళకి ఇంత తేలిగ్గా చెప్పడం తనకు ఎప్పుడూ చేతకాలేదన్నారు. ఆ గుంటల పలకను ఆయనే మోసుకెళ్ళి పాత ఇనుము కుప్పలో పడేశారు. మేనల్లుడి ముఖం వాడిపోయింది. కానీ నోరెత్తలేదు.

పలకను ఎంచడమెలా?

చూడ్డానికి అన్నీ ఇనపరేకులే. తేడా లోపల ఉంటుంది. మన ఊళ్ళో గేట్లకూ గ్రిల్స్‌కూ వాడే మామూలు ఇనుము గట్టిదనాన్ని బ్రినెల్ అనే కొలతలో చూస్తే 120 అటూ ఇటూ ఉంటుంది. రైఫిల్‌కి పనికొచ్చే ఉక్కు అదే కొలతలో దాదాపు 500 ఉండాలి. అందుకే దానికి ఏఆర్ 500 అని పేరు. నిజానికి ఇది తుపాకుల కోసం పుట్టిన ఉక్కు కాదు. గనుల్లో, క్వారీల్లో రాళ్ళు మోసే టిప్పర్ల తొట్లూ, ప్రొక్లెయినర్ల బకెట్లూ రాపిడికి అరిగిపోకుండా ఉండేందుకు తయారుచేసింది. పెద్దాయనకి దానితో చుట్టరికం అక్కణ్ణించే!

రెంటికీ తేడా ఎలా కనిపెట్టడం? ఆయన ఆకురాయి తీసుకుని ఒక పలక అంచు మీద రుద్దారు. మామూలు ఇనుము ఇట్టే తెగి పొడి రాలింది. రెండోదాని మీద ఆకురాయి జారిపోతూ మొరాయించింది. కొనేటప్పుడు మాత్రం ఆకురాయిని కాక, ఉక్కు తయారుచేసిన మిల్లు ఇచ్చే పరీక్ష పత్రాన్ని అడగాలన్నారు.

ఇంకో మెలిక ఉంది. ఈ గట్టిదనం ఉక్కును ఎర్రగా కాల్చి చల్లార్చడంలో వచ్చింది. మళ్ళీ వేడి చేస్తే పోతుంది. అందుకని గ్యాస్‌కట్టర్‌తో కోసినా, కొక్కేలు వెల్డింగ్ చేసినా ఆ మేరకు ఉక్కు మెత్తబడుతుంది. సరిగ్గా అక్కడే గుంటలు మొదలవుతాయి. చిల్లులు ముందే వేసి అమ్మే పలకలు కొనుక్కుని, బోల్టులతో బిగించుకోవడమే క్షేమం. "అదేదో మన వీధి చివర వెల్డింగ్ షాపులో చేయించుకుంటే పోదా" అనుకునేవాళ్ళకి ఇది చెప్పాలి.

మందం సంగతికొస్తే, మామూలు రైఫిళ్ళకి అంగుళంలో మూడెనిమిదో వంతు చాలు. మన వర్క్‌షాపుల భాషలో మూడు సూత్‌లు. మరీ బలమైన రైఫిళ్ళకి అర అంగుళం. పన్నెండంగుళాల చదరపు పలక మూడు సూత్‌ల మందంలో దాదాపు 7 కిలోలుంటుంది. అలాంటివి మూడు భుజాన వేసుకుని పొలంలో నడిచాను కాబట్టి ఈ లెక్క నేను బతికుండగా మర్చిపోను!

ఎంత పెద్దది కావాలన్నది కాల్చేవాడి చేతినిబట్టి ఉంటుంది. తుపాకీ గొట్టం వెంట్రుకవాసి పక్కకు తిరిగితే 100 గజాల దగ్గర అంగుళం తేడా వస్తే, 300 గజాల దగ్గర మూడంగుళాలు వస్తుంది. కొత్తవాడికి చిన్న పలక పెడితే తగలక విసిగిపోతాడు. పైగా తగలని ప్రతి గుండూ పలక దాటి వెళ్ళేదే. కాబట్టి నేర్చుకునేవాడికి పెద్దదే పెట్టాలి. బావగారి రైఫిల్‌కి 300 గజాల దగ్గర పన్నెండంగుళాల పలక, మేనల్లుడు నేర్చుకునే చిన్న పాయింట్ 22 రైఫిల్‌కి 50 గజాల దగ్గర ఎనిమిదంగుళాల పలక అని తేలింది.

పెద్ద రైఫిల్‌ని 100 గజాల లోపు ఉక్కుమీద కాల్చకూడదన్నది ఆయన పెట్టిన గీత. దగ్గరైతే ముక్కలు మీదకొస్తాయి. గుండు సెకనుకి 3000 అడుగుల వేగం మించి తగిలితే ఎంత గట్టి ఉక్కయినా గుంట పడొచ్చు. దూరం పెరిగేకొద్దీ గాలే ఆ వేగాన్ని తగ్గిస్తుంది. చివరగా బావగారి గుళ్ళన్నిటికీ అయస్కాంతం ఆనించి చూశారు. అతుక్కుంటే వాటిలో ఉక్కు కలిసినట్టు. అలాంటివి పలకను తూట్లు పొడుస్తాయి, లేదా గుంటలు చేస్తాయి. అదృష్టంకొద్దీ ఒక్కటీ అతుక్కోలేదు.

బడిగంట గుర్తొచ్చింది

పలకలు తీసుకుని పొలంలోకి వెళ్ళాం. వెనకాల ఎత్తయిన మట్టికట్ట. రైఫిళ్ళు ఇంకా కారు దిగలేదు. మనుషులు ముందువైపు ఉన్నంతసేపూ వాటిని ఎవరూ ముట్టుకోకూడదన్నది మొదటి నియమం. అక్క ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది.

బావగారు ఉత్సాహంగా ఒక పలకను చెక్క గుంజకు ఆనించి, ఇనపతీగతో అటూ ఇటూ కదలకుండా బిగించి కట్టేశారు. కదలకపోతే గురి కుదురుతుందని ఆయన లెక్క. తర్వాత సుత్తితో ఒకటి కొట్టారు. 'డబ్' మంది. మళ్ళీ కొట్టారు. డబ్!

అక్క నా వైపు చూసింది. నాకూ అదే గుర్తొచ్చింది. మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో వేపచెట్టుకు రైలుపట్టా ముక్క వేలాడుతుండేది. అదే బడిగంట. అక్క అయిదో తరగతి లీడరు కాబట్టి దాన్ని కొట్టే హక్కు తనది. ఊళ్ళో ఏ మూలనున్నా వినపడేది. గిట్టనివాళ్ళెవరైనా అక్క కొట్టే సమయానికి వెనకనుంచి వచ్చి రెండుచేతులతో ఆ ముక్కను గట్టిగా పట్టుకునేవాళ్ళు. ఎంత బలంగా కొట్టినా డబ్‌మనేది తప్ప మోగేది కాదు. అక్క ఏడుపుమొహం పెట్టేది.

"ఏమండీ, కట్టేస్తే మోగదు. వదిలెయ్యండి, ఊగనివ్వండి" అంది అక్క.

పెద్దాయన చెప్పేదీ అదే. ఊగడం చప్పుడు కోసమే కాదట. గుండు తగిలినప్పుడు పలక వెనక్కి జరిగితే ఆ దెబ్బలో కొంత ఊపులో కలిసిపోతుంది. బిగించి కట్టేస్తే దెబ్బంతా పలకా, బోల్టులూ, గుంజా భరించాలి. పలక వంగుతుంది, బోల్టులు తెగుతాయి. వంగిన పలక నుంచి ముక్కలు ఎటు పోతాయో ఎవరూ చెప్పలేరు. తీగ విప్పేశాం.

ముందుకు వాలితేనే మేలు

వేలాడదీయడానికి ఒక గొలుసు సరిపోదు. ఒక్కదానికి కడితే పలక గిర్రున తిరుగుతుంది. అంచు కాల్చేవాడి వైపు తిరిగినప్పుడు గుండు దానికి తగిలితే చెప్పలేనంత ప్రమాదం. అందుకని రెండు గొలుసులు.

అసలు కిటుకు గొలుసు తగిలించే చోటులో ఉంది. చదరపు పలకకు పై అంచునుంచి ఒక అంగుళం కింద రెండు చిల్లులున్నాయి. తల గుండ్రంగా, నున్నగా ఉండే బోల్టులను వాటిలోకి ముందునుంచి దూర్చారు. తలకు మూలలుంటే గుండు వాటికి తగిలి ఇష్టమొచ్చినట్టు చెదిరిపోతుందట. బోల్టు వెనకవైపు రెండంగుళాలు పొడుచుకొచ్చేలా ఉంచి, దానికి ఒక స్ప్రింగు, వాషరు, నట్టు వేసి, ఆ చివర గొలుసు తగిలించారు. వదలగానే పలక తనంతట తనే తలవంచింది. పై అంచు మా వైపు, కింది అంచు మట్టికట్ట వైపు!

మేనల్లుడు నోరెళ్ళబెట్టాడు. ఇందులో మాయేం లేదు, తొమ్మిదో తరగతి సైన్సే. వేలాడే వస్తువు బరువు ఎప్పుడూ తనను పట్టుకున్న చోటుకి సరిగ్గా కిందకు రావాలని చూస్తుంది. పట్టు పలకకు వెనకాల ఉంది కాబట్టి పలక నడిభాగం వెనక్కి జరిగి దాని కిందకు చేరుతుంది. పలక మధ్యభాగం చిల్లులకు అయిదంగుళాల కిందుంటే, పట్టు రెండంగుళాలు వెనకుంటే, వంపు ఇరవై డిగ్రీలకు కాస్త పైనే వస్తుంది. వాడే కాగితం మీద లెక్కేసి చూపించాడు. ఆ వంపు వల్ల గుండు ముక్కల్లో ఎక్కువభాగం నేల మీదకు చిమ్ముతాయి. దానికోసమే ఈ ఏర్పాటంతా.

నేల మీదకి అన్నాం కదా... అందుకని నేల కూడా మెత్తగా ఉండాలి. పలకల కింద, వెనక మట్టికట్టలో రాళ్ళు లేకుండా ఏరేయాలి. ఆ పని నాకూ అక్కకూ పడింది. గొలుసులకు గుండు తగిలితే అవీ ముక్కలై ఎగురుతాయి కాబట్టి ముందునుంచి కనిపించే భాగంలో గొలుసు బదులు పాత ఫైరింజన్ గొట్టం పట్టీలు వాడారు. వాటిలోంచి గుండు దూరిపోతుందే తప్ప ఎగరదు. గుంజలు కూడా ఇనుమువి కాదు, చెక్కవి. తగిలితే చిల్లు పడుతుంది, పాడైతే మార్చుకోవచ్చు.

భారతంలో ద్రోణుడు పక్షిబొమ్మను చెట్టుమీద పెట్టించి శిష్యులకు పరీక్ష పెట్టాడు. పక్షి కన్ను తప్ప ఇంకేమీ కనపడలేదన్న అర్జునుడు గుర్తున్నాడు మనకి. ఆ బొమ్మ చేసినవాళ్ళనీ, చెట్టెక్కి దాన్ని నిలబెట్టినవాళ్ళనీ ఎవరు తలుచుకుంటారు? రాళ్ళేరుతూ అదే అనుకున్నాను. కాల్చేవాడికి పలక తప్ప ఏమీ కనపడకపోవడం గొప్పే. పలక తగిలించేవాడికి మాత్రం చుట్టూ ఉన్న ప్రతిదీ కనపడాలి.

అక్క తనిఖీ

పలకలకు తెల్లరంగు కొట్టాం. తగిలినచోట రంగు లేచిపోయి బూడిదరంగు మచ్చ కనపడుతుంది. తర్వాత అందరం వెనక్కి వచ్చి కళ్ళద్దాలు, చెవులకు మఫ్స్ పెట్టుకున్నాం. చూడ్డానికొచ్చినవాళ్ళకీ మినహాయింపు లేదు.

ముందు బావగారు. రైఫిల్ పేలింది. నిశ్శబ్దం. తప్పిందనుకున్నాం. అంతలో దూరంగా ఎవరో గుడిలో గంట కొట్టినట్టు... ఠంగ్! 300 గజాలంటే సుమారు 274 మీటర్లు. అంతదూరం నుంచి చప్పుడు నడిచిరావడానికే ముప్పాతిక సెకను దాటుతుంది. గుండు వెళ్ళే సమయం అదనం. ఆ కాస్త ఆలస్యంలోనే ఈ ఆట మజా అంతా ఉందని అప్పుడు అర్థమైంది.

మేనల్లుడి వంతు వచ్చింది. పెద్దాయన పక్కనే పడుకుని చెప్పారు. మొదటి మూడూ తగల్లేదు. నాలుగోది టింగ్‌మంది. వాడు మొదట చూసింది పలక వైపు కాదు, వాళ్ళమ్మ వైపు. అక్క నవ్వలేదు. కానీ తల ఊపింది.

పది గుళ్ళయ్యాక రైఫిళ్ళు ఖాళీచేసి, ఖాళీగా ఉన్నాయని ఇద్దరు చూసి కింద పెట్టారు. అప్పుడు అక్క లేచింది. ఒక్కతే పలకల దగ్గరికి నడిచింది. ఒక్కోదాని మీదా అరచేయి పెట్టి, పెసరట్టు పెనం చూసినట్టు ఈ చివరనుంచి ఆ చివరదాకా తడిమింది. గుంటలేమైనా పడ్డాయా, నట్టు వదులైందా, వంపు మారిందా... అన్నీ చూశాకే చెయ్యెత్తింది. మళ్ళీ కాల్చారు. మళ్ళీ వెళ్ళి చూసింది. సాయంత్రందాకా అదే వరస. తెచ్చిన పులిహోర డబ్బా కూడా తనే పట్టుకుని, అందరూ సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చాకే మూత తీసింది. గుండు చితికినప్పుడు రేగే సీసం పొడి చేతులకంటుకుని నోట్లోకి పోతుందని పెద్దాయన చెప్పిన మాట చెవిలో వేసుకుందన్నమాట.

తిరుగుప్రయాణంలో బావగారు ఆశగా అడిగారు, "మరి వాణ్ణి పంపిస్తావా?" అని. "నేను రాకుండా వద్దు" అంది అక్క. అవుననీ కాదు, కాదనీ కాదు. బావగారు దాన్ని అవుననే తీసుకున్నారు!

నేను తిరిగొచ్చేశాను. వాళ్ళు నెలకోసారి వెళుతున్నారు, ముగ్గురూ. తుపాకీ అంటే అక్కకి భయం పోలేదు. ఫోన్‌లో అడిగితే, "ఎందుకు పోవాలిరా? అలెన్ పోయిందా? ఆ భయంతోనే కదా పలక తడిమి చూస్తున్నాను" అంది.

ఈమధ్య ఒకసారి వెళ్ళినప్పుడు పిల్లాడి పలకకు కింది మూలలో చిన్న గుంట కనపడిందట, పెసరగింజంత. ఎవరో పెద్ద రైఫిల్‌తో దగ్గరనుంచి కొట్టి ఉంటారు. పెద్దాయన ఊళ్ళో లేరు, షెడ్డుకు తాళం. మార్చడానికి వేరే పలక లేదు. "ఆ మూల వైపు కాల్చడులే" అన్నారట బావగారు. అక్క పలక దింపి కారు డిక్కీలో పడేసింది. రెండు గంటలు ప్రయాణం చేసి వెళ్ళినవాళ్ళు ఒక్క గుండూ కాల్చకుండా మళ్ళీ రెండు గంటలు వెనక్కి. పిల్లాడు అలిగాడట. బావగారు దారంతా మాట్లాడలేదట.

"మాట్లాడకపోతే పోనీరా" అంది అక్క. "ముగ్గురం వెళ్ళాం. ముగ్గురం వచ్చాం."